గ్రాఫిక్స్ కార్డ్ కొనేముందు: ఒకసారి మోసపోయినవాడి మాటలు

క్లబ్ వాళ్ళు "టెక్నికల్ టాపిక్ మీద తెలుగులో ఒక ఆర్టికల్ రాయి" అన్నప్పుడు నేను వెంటనే సరే అనేశాను. రాయడం మొదలుపెట్టాకే తెలిసింది, పదో తరగతి దాకా తెలుగు సెకండ్ లాంగ్వేజ్‌గా చదివినవాడికి ఇది ఎంత కష్టమో. అందుకే నేను మాట్లాడుకునే తెలుగులోనే రాస్తున్నా. ప్రాసెసర్‌కి తెలుగు పదం వెతకలేదు, ప్రాసెసర్ అనే రాశాను.

టాపిక్ మాత్రం నాకు బాగా తెలిసిందే. ఎందుకంటే దీని మీద నేను 7,500 రూపాయలు పోగొట్టుకున్నాను.

ఫస్ట్ ఇయర్ అయిపోయిన ఎండాకాలం సెలవుల్లో మా ఖమ్మంలో ఇద్దరు టెన్త్ పిల్లలకి మ్యాథ్స్ ట్యూషన్ చెప్పాను. రెండు నెలలకి తొమ్మిది వేలు వచ్చాయి. అది నా జీవితంలో మొదటి సంపాదన. ఆ డబ్బుతో, సెకండ్ హ్యాండ్ వస్తువులు అమ్ముకునే ఒక యాప్‌లో చూసి, 'ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ, ఎక్సలెంట్ కండిషన్' అన్న కార్డ్ కొన్నాను. అమ్మినాయన ఒక టీ కొట్టు దగ్గర కలిశాడు, కార్డ్ కవర్లో పెట్టి ఇచ్చాడు, నేను ఫోన్‌లో డబ్బు పంపాను. అంతే. టెస్ట్ చెయ్యలేదు. బిల్లు అడగలేదు. మూడు వారాలకి స్క్రీన్ మీద రంగు రంగుల గళ్ళు మొదలయ్యాయి, నాలుగో వారానికి డిస్‌ప్లేనే లేదు. ఫోన్ చేస్తే ఆ నంబర్ స్విచాఫ్.

ఆ తర్వాత మళ్ళీ డబ్బు కూడి రెండో కార్డ్ కొనడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో చదివిందీ, తెలుసుకున్నదీ ఇక్కడ రాస్తున్నా. మీలో ఎవరైనా తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ కట్టుకోవాలనుకుంటే ఇది చదివాక కనీసం నా తప్పు చెయ్యరు.

కార్డ్ కన్నా ముందు మానిటర్ చూడండి

అందరూ మొదట అడిగే ప్రశ్న "ఏ కార్డ్ బెస్ట్?" అసలు అడగాల్సింది "నా స్క్రీన్ ఏది?" అని.

గ్రాఫిక్స్ కార్డ్ చేసే పని, సెకనుకి ఎన్నోసార్లు మొత్తం స్క్రీన్‌ని కొత్తగా గీయడం. 1080పీ స్క్రీన్ అంటే 1920 ఇంటూ 1080, అంటే 20,73,600 పిక్సెల్స్. 1440పీ అంటే 36,86,400. దాదాపు 1.8 రెట్లు. 4కే అయితే 82,94,400, సరిగ్గా నాలుగు రెట్లు. కాబట్టి ఫ్రెండ్ 1440పీ మానిటర్ మీద కష్టపడుతున్న కార్డే మీ 1080పీ మానిటర్ మీద హాయిగా నడవొచ్చు.

రెండోది రిఫ్రెష్ రేట్. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకి 60 బొమ్మలే చూపిస్తుంది. అంటే కార్డ్‌కి ఒక్కో బొమ్మకి దాదాపు 16.7 మిల్లీసెకన్ల టైమ్ ఉంటుంది. 144 హెర్ట్జ్ అయితే 6.9 మిల్లీసెకన్లే. మీది 60 హెర్ట్జ్ స్క్రీన్ అయి, మీరు కథ ఉన్న గేమ్స్ ఆడేవాళ్ళైతే, 120 ఎఫ్‌పీఎస్ ఇచ్చే కార్డ్‌కి డబ్బు పెట్టినా ఆ తేడా సగం మీ కంటి దాకా రాదు.

మూడోది, ఏం ఆడతారు? వాలరెంట్, కౌంటర్-స్ట్రైక్ 2 లాంటివి తక్కువ కార్డ్ మీద కూడా నడిచేలా చేసిన గేమ్స్. అక్కడ చాలాసార్లు కార్డ్ కంటే ప్రాసెసరే ముఖ్యం. సైబర్‌పంక్ 2077 లాంటిది అలా కాదు, కార్డ్‌ని పిండేస్తుంది. హాస్టల్లో రోజూ రాత్రి వాలరెంట్ మాత్రమే ఆడే మనిషి సైబర్‌పంక్ రివ్యూలు చూసి కార్డ్ కొనడం, రోజూ ఇడ్లీ తినేవాడు బిర్యానీ గుండిగ కొన్నట్టు ఉంటుంది.

నా లెక్క: పిన్ని వాళ్ళింట్లో వాడకుండా పడున్న 1080పీ, 60 హెర్ట్జ్ మానిటర్. ఆడేది సగం కౌంటర్-స్ట్రైక్, సగం కథ ఉన్న గేమ్స్. ఈ ఒక్క లైన్ రాసుకున్నాక నా లిస్టులో ఉన్న కార్డుల్లో సగం వాటంతట అవే ఎగిరిపోయాయి.

లోపల ఏం జరుగుతుంది?

ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డ్‌కీ తేడా నాకు పెళ్ళి భోజనాల దగ్గర అర్థమైంది. పెద్ద వంటమనిషి ఒక్కడే ఉంటాడు, కష్టమైన పనులన్నీ ఆయనవే, ఒకదాని తర్వాత ఒకటి చేస్తాడు. అది ప్రాసెసర్. వడ్డించేవాళ్ళు చాలామంది ఉంటారు, అందరూ ఒకే టైమ్‌లో ఒకే చిన్న పని చేస్తారు. అది గ్రాఫిక్స్ కార్డ్. లక్షల పిక్సెల్స్ రంగు లెక్కపెట్టడం వడ్డన లాంటి పని. అందుకే ఆర్‌ఎక్స్ 6600లో 1,792 చిన్న చిన్న కోర్లు ఉంటాయి, మామూలు ప్రాసెసర్‌లో ఆరో ఎనిమిదో.

ఒక హెచ్చరిక: ఈ కోర్ల సంఖ్యని ఒక కంపెనీ కార్డ్‌కీ ఇంకో కంపెనీ కార్డ్‌కీ మధ్య పోల్చకండి. ఎన్విడియా కోర్, ఏఎండీ కోర్ ఒకటి కావు. ఒకే కంపెనీలో కూడా తరం మారితే లెక్క మారిపోతుంది. ఒకే తరం, ఒకే కంపెనీ అయితేనే ఆ నంబర్‌కి అర్థం.

తర్వాత వీ-ర్యామ్. అంటే కార్డ్ సొంత మెమరీ. దీన్ని వంటింటి గట్టు అనుకోండి. గట్టు మీద పట్టినంత సరుకు చేతికి అందుతుంది. పట్టకపోతే ప్రతిసారీ స్టోర్ రూమ్‌కి పరుగెత్తాలి. గేమ్‌లో అదే స్టటర్ రూపంలో కనిపిస్తుంది. ఎఫ్‌పీఎస్ యావరేజ్ బాగానే చూపిస్తుంది, కానీ మలుపు తిరిగిన ప్రతిసారీ గేమ్ ఒక్క క్షణం ఆగుతుంది. ఈ-స్పోర్ట్స్ గేమ్స్‌కి 4 జీబీ కూడా సరిపోతుంది. కొత్త పెద్ద గేమ్స్‌కి 1080పీలో నా దృష్టిలో 8 జీబీ మినిమమ్, అది కూడా టెక్స్‌చర్స్ అల్ట్రాలో పెట్టాలనే పట్టుదల లేకపోతేనే.

కానీ జీబీ ఒక్కటే చూసి కొనకండి. గట్టు పెద్దదే, మరి దాని దగ్గరికి వెళ్ళే దారి ఎంత వెడల్పు? దాని పేరు మెమరీ బ్యాండ్‌విడ్త్. లెక్క చాలా సింపుల్: బస్ ఎన్ని బిట్స్ ఉందో దాన్ని 8తో భాగించి, మెమరీ స్పీడ్‌తో గుణించాలి. ఆర్‌ఎక్స్ 6600కి 128 బిట్ బస్, 14 జీబీపీఎస్ మెమరీ. 128 బై 8 అంటే 16, ఇంటూ 14 అంటే సెకనుకి 224 జీబీ. ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీకి 192 బిట్, 15 జీబీపీఎస్. అంటే 360 జీబీ. ఇది కూడా వేరు వేరు తరాల మధ్య నేరుగా పోల్చేది కాదు, ఎందుకంటే కొత్త కార్డుల్లో క్యాష్ పెద్దది పెట్టి బస్ చిన్నది చేస్తున్నారు. కానీ ఒకే పేరుతో వచ్చే రెండు కార్డుల మధ్య తేడా పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ఆయుధం లేదు. అదే ఇప్పుడు చెప్తాను.

ఒకే పేరు, వేరే కార్డ్

నేను మోసపోయింది ఇక్కడే. ఆర్‌ఎక్స్ 580 అనేది 2017లో వచ్చిన కార్డ్, దాంట్లో 2,304 కోర్లు ఉంటాయి. అదే పేరుతో 2,048 కోర్ల కార్డ్ ఇంకొకటి ఉంది. అది నిజానికి ఆర్‌ఎక్స్ 570కి దగ్గర. నాకు అంటగట్టింది అదే. చచ్చిపోయేముందు ఒకసారి జీపీయూ-జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే షేడర్స్ దగ్గర 2048 అని స్పష్టంగా కనిపించింది. ఆ పని టీ కొట్టు దగ్గర చేసుంటే ఈ ఆర్టికల్ ఉండేది కాదు.

ఇది కంపెనీల నుంచే వచ్చే తలనొప్పి కూడా. కొన్ని ఉదాహరణలు:

జీటీ 1030: 2017లో జీడీడీఆర్5 మెమరీతో వచ్చింది, బ్యాండ్‌విడ్త్ 48 జీబీ. తర్వాత ఏడాది అదే పేరుతో డీడీఆర్4 రకం వచ్చింది, బ్యాండ్‌విడ్త్ 16.8 జీబీ. పేరు ఒకటే, దారి మూడో వంతు.

ఆర్‌టీఎక్స్ 3050: 2022లో వచ్చిన 8 జీబీ రకంలో 2,560 కోర్లు, 128 బిట్ బస్. 2024లో వచ్చిన 6 జీబీ రకంలో 2,304 కోర్లు, 96 బిట్ బస్. చాలామంది తేడా 2 జీబీ మెమరీ ఒక్కటే అనుకుంటారు. కాదు, చిప్ కూడా తగ్గింది. 224 ఉన్న బ్యాండ్‌విడ్త్ 168కి పడింది.

ఆర్‌టీఎక్స్ 3060: 12 జీబీ రకానికి 192 బిట్ బస్ ఉంటే, తర్వాత వచ్చిన 8 జీబీ రకానికి 128 బిట్.

కాబట్టి షాపులో "3060 ఉందా అన్నా?" అని అడగొద్దు. "3060, 12 జీబీ, 192 బిట్" అని అడగండి. బిల్లు మీద కూడా అలాగే రాయించుకోండి.

మదర్‌బోర్డ్, పవర్ సప్లై: ఎవరూ చూడని రెండు

కార్డ్ మదర్‌బోర్డ్‌తో మాట్లాడే దారి పీసీఐ ఎక్స్‌ప్రెస్. కార్డ్‌కి స్లాట్ పొడవు 16 లేన్లది ఉన్నా, లోపల అన్ని లేన్లూ కనెక్ట్ అయి ఉండాలని లేదు. 2022 జనవరిలో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీలో నాలుగు లేన్లే ఉంటాయి. కొత్త పీసీఐ 4.0 బోర్డులో ఒక్కో లేన్ సెకనుకి దాదాపు 2 జీబీ మోస్తుంది, అంటే మొత్తం 8 జీబీ. పాత 3.0 బోర్డులో అయితే అందులో సగం, 4 జీబీ. పైగా ఆ కార్డ్‌లో మెమరీ 4 జీబీనే. అంటే గట్టు చిన్నది, స్టోర్ రూమ్‌కి దారి కూడా సన్నది. తక్కువ బడ్జెట్ కార్డ్ కొనేవాడి దగ్గరే సాధారణంగా పాత బోర్డ్ ఉంటుంది. ఆ కార్డ్ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది కూడా అలాంటి వాళ్ళనే. పైగా దాంట్లో వీడియో ఎన్‌కోడర్ లేదు, గేమ్ రికార్డ్ చేద్దామనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060లకి ఎనిమిది లేన్లు. పాత బోర్డులో కొంచెం తగ్గుతుంది కానీ భయపడేంత కాదు.

ఇక పవర్. స్లాట్ నుంచి గరిష్టంగా 75 వాట్లు వస్తాయి. 6 పిన్ కేబుల్‌తో ఇంకో 75, 8 పిన్ కేబుల్‌తో 150. జీటీఎక్స్ 1650 లాంటి 75 వాట్ల కార్డులకి చాలా మోడల్స్‌లో వేరే కేబులే అక్కర్లేదు. ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ 70 వాట్లే. ఆర్‌టీఎక్స్ 4060 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600 132 వాట్లు, ఆర్‌ఎక్స్ 580 185 వాట్లు.

ఇక్కడ మా రూమ్మేట్ కథ చెప్పాలి. వాడికి వాళ్ళ బాబాయి ఆఫీసులో తీసేసిన పాత డెస్క్‌టాప్ ఒకటి వచ్చింది. పవర్ సప్లై 240 వాట్లది, కార్డ్‌కి ఇచ్చే కేబులే లేదు. సాకెట్ కూడా ఆ కంపెనీ సొంత రకం, బయట దొరికేది పట్టదు. "ఏం కొనాలి మామా?" అని అడిగాడు. పైన నేను అంత విమర్శించిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీనే వాడికి చెప్పాను. ఎందుకంటే వాడి డబ్బాలో ఇంకేదీ నడవదు. స్పెసిఫికేషన్‌లో 'తగ్గించిన' కార్డే వాడికి కరెక్ట్ కార్డ్ అయింది. బెస్ట్ కార్డ్ అంటూ విడిగా ఏదీ ఉండదు, మన డబ్బాకి సరిపోయే కార్డ్ ఉంటుందంతే.

పవర్ సప్లై మీద మాత్రం పిసినారితనం చెయ్యొద్దు. క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చే పేరులేని డబ్బా మీద '500 వాట్స్' అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. '80 ప్లస్' ముద్ర కూడా కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేదే, అది క్వాలిటీకి పూర్తి గ్యారంటీ కాదు. వారంటీ ఎన్నేళ్ళు ఇస్తున్నారో చూడండి. తన వస్తువు మీద నమ్మకం ఉన్న కంపెనీ అయిదేళ్ళు ఇస్తుంది. మన ఊళ్ళలో కరెంటు వచ్చే పద్ధతి మీకు తెలిసిందే.

ఇంకో చిన్న విషయం, నవ్వొద్దు. మానిటర్ కేబుల్ కార్డ్‌కి పెట్టాలి, మదర్‌బోర్డ్‌కి కాదు. మా బ్యాచ్‌లో ఒకడు కార్డ్ కొన్నాక రెండు వారాలు మదర్‌బోర్డ్ పోర్టుకే పెట్టుకుని "పెద్ద తేడా ఏం లేదు రా" అంటూ తిరిగాడు.

ఎన్విడియానా, ఏఎండీనా, ఇంటెలా?

ఇది మన క్యాంటీన్‌లో హీరో ఫ్యాన్స్ గొడవలా నడుస్తుంది. నేను ఏ పార్టీ కాదు, లెక్క మాత్రం చెప్తాను.

మామూలు గేమింగ్‌లో అదే డబ్బుకి ఎక్కువ ఫ్రేమ్స్ కావాలంటే, నేను చూసినన్ని రోజులూ ఏఎండీ ముందుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ కార్డులకి డీఎల్‌ఎస్‌ఎస్ ఉంది. అంటే బొమ్మని తక్కువ రిజల్యూషన్‌లో గీసి, తర్వాత పెద్దది చేయడం. ఏఎండీది ఎఫ్‌ఎస్‌ఆర్. దాని పాత వెర్షన్లు ఏ కంపెనీ కార్డ్ మీదైనా నడుస్తాయి, కానీ నా కంటికి డీఎల్‌ఎస్‌ఎస్ బొమ్మే శుభ్రంగా కనిపించింది. ఇంటెల్ ఆర్క్ బీ580 2024 డిసెంబరులో 12 జీబీ మెమరీతో వచ్చింది. స్పెసిఫికేషన్ బాగుంది కానీ దానికి రీసైజబుల్ బార్ అనే సెట్టింగ్ బయోస్‌లో ఆన్ అయి ఉండాలి. అది లేని పాత బోర్డులో పెర్ఫార్మెన్స్ బాగా పడిపోతుంది.

రే ట్రేసింగ్ తక్కువ బడ్జెట్‌లో అనవసరం అని ఇంతకుముందు అందరూ చెప్పేవాళ్ళు. ఇప్పుడది పూర్తిగా నిజం కాదు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్ గేమ్‌కి రే ట్రేసింగ్ హార్డ్‌వేర్ తప్పనిసరి. అంటే జీటీఎక్స్ కార్డులకి ఆ తలుపు మూసుకున్నట్టే. డ్రైవర్ల సంగతీ చూడాలి. జీటీఎక్స్ 1050 టీఐ, 1060 లాంటి పాస్కల్ తరం కార్డులకి 2025 అక్టోబరుతో ఎన్విడియా కొత్త గేమ్ డ్రైవర్లు ఆపేసింది. నాలుగు వేలకి వస్తోంది కదా అని ఇప్పుడు వాటిని కొనేముందు ఇది ఆలోచించండి.

సీఎస్ఈ వాళ్ళకి ప్రత్యేకంగా: మెషిన్ లెర్నింగ్ చేస్తామంటే ఎన్విడియానే సులువు. పైటార్చ్ లాంటివి క్యూడా మీద ఇన్‌స్టాల్ చేసిన వెంటనే పనిచేస్తాయి. ఏఎండీ వాళ్ళ ఆర్‌ఓసీఎం అన్ని కార్డులకీ అధికారికంగా సపోర్ట్ ఇవ్వదు. ఈ పేరా గుర్తుంచుకోండి, చివర్లో నాకు దీంతో పని ఉంది.

సెకండ్ హ్యాండ్ కొంటే

కొనొద్దు అని చెప్పను. డబ్బు తక్కువ ఉన్నవాడికి అదే దారి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం కరెన్సీ పద్ధతి మారి, దానికోసం గ్రాఫిక్స్ కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయింది. ఆ కార్డులన్నీ మార్కెట్లోకి వచ్చాయి. మైనింగ్ చేసిన ప్రతి కార్డూ చెడిపోయినట్టు కాదు. కానీ నెలల తరబడి ఆగకుండా తిరిగిన ఫ్యాన్లు, వేడెక్కిన మెమరీ ఉంటాయి. కాబట్టి ఇవి చెయ్యండి:

కార్డ్ నడుస్తున్న పీసీ ముందే కూర్చుని చూడండి. రోడ్డు మీద, టీ కొట్టు దగ్గర వద్దు. అమ్మేవాడు ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

జీపీయూ-జెడ్ ఓపెన్ చేసి కోర్లు, బస్, మెమరీ రకం, మెమరీ సైజు కంపెనీ చెప్పిన లెక్కతో సరిపోల్చండి. కొన్ని నకిలీ కార్డులని అది స్వయంగా ఫేక్ అని చూపిస్తుంది కూడా.

ఫర్‌మార్క్ లాంటి టెస్ట్ పదిహేను నిమిషాలు నడపండి. టెంపరేచర్ ఎక్కడ ఆగుతుందో, గళ్ళు చారలు వస్తున్నాయో లేదో చూడండి. తర్వాత ఒక నిజమైన గేమ్ కూడా కాసేపు నడిపించండి.

ఫ్యాన్ల శబ్దం చెవి పెట్టి వినండి. అన్ని డిస్‌ప్లే పోర్టులూ కేబుల్ మార్చి మార్చి చూడండి. స్క్రూల మీద గీతలు ఉంటే ఎవరో విప్పారని అర్థం, ఎందుకు విప్పారో అడగండి.

ఒరిజినల్ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్, కార్డ్ మీద సీరియల్ నంబర్. ఈ రెండూ ఒకటేనా? వారంటీ మిగిలి ఉందా?

నేను వీటిలో ఒక్కటీ చెయ్యలేదు. సిగ్గేసింది అడగడానికి. మన పిల్లల్లో చాలామందికి ఇదే జబ్బు, పెద్దవాళ్ళని బిల్లు అడిగితే అనుమానించినట్టు ఉంటుందేమో అని. డబ్బు మనది అయినప్పుడు అడగడం అనుమానం కాదు.

చివరికి నేను కొన్నది

రేటు చూసేటప్పుడు ఒక ట్రిక్ ఉంది. ఉదాహరణకి ఒక కార్డ్ 16,000, మీ గేమ్‌లో 50 ఎఫ్‌పీఎస్ ఇస్తుంది అనుకుందాం. ఇంకోటి 20,000, 70 ఎఫ్‌పీఎస్. ఫ్రేమ్‌కి 320 రూపాయలు, 286 రూపాయలు. తేడా కొంచెమే అనిపిస్తుంది. కానీ మిగతా పీసీకి ఎలాగూ 25,000 అవుతుంది కదా. మొత్తం మీద లెక్కేస్తే 41,000 బై 50 అంటే 820, 45,000 బై 70 అంటే 643. కొత్తగా మొత్తం పీసీ కట్టేవాడికి ఇదీ అసలు లెక్క. ఉన్న పీసీలో కార్డ్ మాత్రమే మార్చేవాడికి మొదటి లెక్క సరిపోతుంది. ఆన్‌లైన్‌లో డాలర్ రేటు చూసి రూపాయల్లోకి మార్చుకుని మోసపోకండి, అమెరికా రేట్లలో ట్యాక్స్ కలిసి ఉండదు, మన దగ్గర 18 శాతం జీఎస్టీ ఉంటుంది.

పోయినసారి దసరా సెలవుల ముందు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను, అందరూ సీటీసీ అంటారే, అదే. ఒకే పార్టుకి నాలుగు షాపుల్లో రేటు రాసుకున్నాను. నేను కొన్న రోజు లెక్క ఇది: ఆర్‌ఎక్స్ 6600కి 20,500, రైజెన్ 5 5600 ప్రాసెసర్‌కి 10,000, బోర్డ్ 8,500, 16 జీబీ ర్యామ్ 3,300, ఎస్‌ఎస్‌డీ 3,000, పవర్ సప్లై 4,000, క్యాబినెట్ 3,000. మొత్తం 52,300. కార్డ్ వాటా దాదాపు 40 శాతం. ఈ రేట్లు ఇప్పటికి పాతవి, కార్డులు కూడా మారాయి. 2025లో ఆర్‌టీఎక్స్ 5060, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ వచ్చాయి. రెండోది ఒకే పేరుతో 8 జీబీ, 16 జీబీ రకాల్లో ఉంది, మళ్ళీ అదే జాగ్రత్త. కానీ పైన చెప్పిన లెక్కలు ఏ కార్డ్‌కైనా పనికొస్తాయి.

ఇప్పుడు ఆ పేరా సంగతి. ఆ 52,300లో 40,000 అమ్మ చిట్టీ పాడి ఇచ్చిన డబ్బు. నేను అడిగింది "ఏఐ ప్రాజెక్టులకి కావాలమ్మా" అని. చదువుకి అంటే అమ్మ రెండో ప్రశ్న వెయ్యదని నాకు తెలుసు. నిజంగా ప్రాజెక్టులకే అయితే నేను ఆ 6600 కొనకూడదు. మెమరీ ఎక్కువ ఉన్న సెకండ్ హ్యాండ్ ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీకి పోవాలి. నేను ఫ్రేమ్స్ చూసి కొన్నాను. తర్వాత సెమిస్టర్‌లో మినీ ప్రాజెక్ట్ వచ్చింది, మోడల్ ట్రెయిన్ చెయ్యాలి. నా కార్డ్ మీద ఒక వారం తంటాలు పడి, చివరికి గూగుల్ కోల్యాబ్‌లో ఫ్రీగా ఇచ్చే జీపీయూ మీద పూర్తి చేశాను. అంటే ఇంట్లో ఇరవై వేల కార్డ్ పెట్టుకుని, ఏ పని పేరు చెప్పి కొన్నానో ఆ పని ఫ్రీ కంప్యూటర్‌లో చేసుకున్నా.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అమ్మకి చెప్పేశాను. ఆడుకోవడానికే కొన్నాను, ముందు కొన్నదానిలో మోసపోయాను, రెండూ చెప్పాను. అమ్మ అరిసెలు వత్తుతూ విన్నది. కాసేపటికి అంది, "ఆటకని అడిగితే ఇవ్వననుకున్నావా?"

నేను ఏం మాట్లాడలేదు.

"ఇచ్చేదాన్ని కాదులే," అంది మళ్ళీ తనే. తర్వాత, "ఎన్నేళ్ళొస్తుంది అది?" అని అడిగింది.

మిక్సీ కొన్నా, ఫ్యాన్ కొన్నా అమ్మ షాపువాడిని మొదట అడిగే ప్రశ్న అదే. ఏడు నెలలు రివ్యూలు చూసిన నేను ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. 8 జీబీ, రే ట్రేసింగ్ ఉంది, డ్రైవర్లు వస్తున్నాయి, 1080పీ స్క్రీనే కాబట్టి ఒక నాలుగేళ్ళు అని లెక్కేసి చెప్పాను. "అయితే నాలుగేళ్ళు ఇంకోటి అడగకు," అంది. ఈ ఎండాకాలం మళ్ళీ ట్యూషన్లు చెప్తున్నాను, నెలకి కొంత ఆ చిట్టీకి కట్టడానికి.

మీరు కొనేముందు ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: నా స్క్రీన్ ఏది, నేను నిజంగా ఆడేది ఏది, నా పవర్ సప్లై ఎంత, ఎన్నేళ్ళు వాడాలి, ఇంట్లో ఏం చెప్పి డబ్బు అడుగుతున్నాను. ఈ అయిదింటికీ నిజం రాస్తే కార్డ్ పేరు దానంతట అదే వచ్చేస్తుంది.